తెగులు తెలిసేసరికి తోట చేయి దాటుతోంది

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూముల్లో మిరప, పత్తి పండించే రైతాంగాన్ని గత 40 ఏళ్ళుగా దెబ్బతీస్తున్నవి రెండే రెండు. ఒకటి ధర, రెండోది పురుగు. ధర సంగతి టిక్కీలు యార్డుకు చేరిన రోజునే తేలిపోతుంది. పురుగు సంగతి అలా తేలదు. అది వచ్చిన రోజున కంటికి ఆనదు. కంటికి ఆనిన నాటికి అది మోసుకొచ్చిన తెగులు చేనంతా పాకి వుంటుంది.

ఈ ప్రాంతంలోనూ, రాష్ట్రంలోని ఇతర ప్రాంతాల్లోనూ జరిగిన పెద్ద పెద్ద నష్టాలను వరుసగా పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మందు దొరకక పంట పోయిన సందర్భాలు తక్కువ. వచ్చింది ఏ పురుగో, అది తెచ్చింది ఏ తెగులో, ఎక్కడ మొదలై ఎటు పోతోందో సకాలంలో తెలియక పోయిన పంటే ఎక్కువ. మందుల దుకాణాలు ప్రతి ఊరి సెంటరులోనూ వున్నాయి. తెగులును పసిగట్టి, దాని నడకను కనిపెట్టి, పక్క ఊరిని హెచ్చరించే ఏర్పాటు మాత్రం నేటికీ బలహీనంగానే వుంది.

నాడు తెల్లదోమ

1984-85లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ముంచెత్తిన సంగతి పాతతరం రైతులు మరచిపోయి వుండరు. అంతకు నాలుగైదేళ్ళ ముందే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మార్కెట్లోకి వచ్చాయి. కాయతొలుచు పురుగు మీద అవి మొదట్లో అద్భుతంగా పనిచేశాయి. దాంతో రైతులు వాటినే పదేపదే చల్లారు. తెల్లదోమను తిని బతికే మిత్రపురుగులు ఆ మందులకు చచ్చాయి. తెల్లదోమ మాత్రం ఆకు అడుగున దాక్కుని పెరిగిపోయింది. అది విసర్జించే తీపి జిగురు మీద మసి పట్టి ఆకులు, విచ్చిన కాయల్లోని దూది నల్లబడ్డాయి.

ఆ దెబ్బ నుంచి కోలుకోక ముందే 1987-88లో శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. అప్పులపాలైన పత్తి రైతులు ప్రకాశం జిల్లాలో ప్రాణాలు తీసుకోవడం యావద్దేశాన్నీ కలవరపరిచింది. తెల్లదోమను తట్టుకునే పత్తి రకాలు ఆ తర్వాత వచ్చాయి. అయితే అవి వచ్చేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. వారానికొకసారి ఆకు తిప్పి చూసి, దోమ ఎంత వున్నదీ లెక్క రాసుకునే పద్ధతి అప్పట్లో ఊరూరా వుండి వుంటే, ఏ మందు కొట్టాక దోమ పెరుగుతున్నదో రైతుకే తెలిసి వుండేది.

పొరపాటు గుర్తింపుతో చేటు

రెండో ఉదాహరణ అనంతపురం జిల్లాది. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో ఆ జిల్లాలో వేరుశనగ మొక్కలు మొవ్వు నుంచి ఎండి చచ్చిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయల పైచిలుకని అంచనా వేశారు. లక్షణాలు చూసి దీన్ని మొదట పాత మొవ్వుకుళ్ళు తెగులే అనుకున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పరీక్షించగా అది వేరే వైరస్ అని తేలింది. దాని పేరు టొబాకో స్ట్రీక్ వైరస్.

పేరు మారితే రైతుకు ఒరిగేదేమిటని ఎవరైనా అడగవచ్చు. ఒరిగేది చాలా వుంది. ఈ వైరస్ గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడిలో వుంటుంది. ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకున్న తామర పురుగులు వేరుశనగ ఆకు గీకినప్పుడు వైరస్ మొక్కలోకి దిగుతుంది. అంటే తెగులుకు మూలం చేనులో లేదు, గట్టు మీద వుంది. వయ్యారిభామ పూతకు రాకముందే పీకివేయడం దీనికి అసలు మందు. అది తెలియని రైతు ఎన్నిసార్లు మందు చల్లినా డబ్బు పోవడం తప్ప ఫలితం వుండదు. మిరప, పత్తి చేల గట్ల మీద కూడా ఈ కలుపు విరివిగా పెరుగుతున్నందున ఈ పాఠం ఇక్కడి రైతాంగానికీ వర్తిస్తుంది.

బెంగుళూరు నుంచి గుంటూరుకు

మూడోది అందరికీ గుర్తున్నదే. నల్ల తామర పురుగును మన దేశంలో మొదటిసారి 2015లో బెంగుళూరులో బొప్పాయి మీద కనుగొన్నారు. 2021 ఆరంభంలో అది గుంటూరు జిల్లా మిరప పూతలో కనిపించింది. 2021-22 పంటకాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రాల మిరప తోటలను నాశనం చేసింది. పలు గ్రామాల్లో రైతులు చేతులారా తోటలు దున్నివేశారు. కేంద్ర పరిశోధనా సంస్థల నిపుణులు వచ్చి తోటలు పరిశీలించి వెళ్ళారు.

పాత తామర పురుగు ఆకును గీకి పై ముడత తెస్తుంది. అందుచేత రైతు కన్ను ఆకు మీదనే వుంటుంది. కొత్తగా వచ్చిన నల్ల తామర పురుగు మకాం పూవులో. పూవును గీకి రసం పీల్చడంతో పూత రాలి, పిందె నిలవదు. ఆకు ముడత కోసం చూసే రైతు పూవు విప్పి చూసే నాటికి ఒక్కో పూవులో పురుగులు గుంపులుగా వున్నాయి. ఆ దశలో రెండు మూడు మందులు కలిపి కొట్టినా లొంగలేదు సరికదా, మిత్రపురుగులు కూడా చచ్చి పరిస్థితి మరింత విషమించింది.

బెంగుళూరులో కనిపించిన నాటికీ, గుంటూరు తోటల్లో తేలిన నాటికీ మధ్య దాదాపు ఆరేళ్ళ గడువుంది. ఆ ఆరేళ్ళలో పురుగు నడకను ఏటేటా పటం మీద గుర్తించి, మిరప రైతును ముందుగానే హెచ్చరించి వుంటే నష్టం ఇంత తీవ్రంగా వుండేది కాదు. శాస్త్రజ్ఞుల పత్రికల్లో వచ్చిన సమాచారం చేనుగట్టుకు చేరకపోవడమే ఇక్కడి లోపం.

మూడు పురుగులు, మూడు తీర్లు

మిరపకు వైరస్ తెగుళ్ళు తెచ్చే పురుగులు ప్రధానంగా మూడు. వీటి తీరు వేర్వేరు గనుక పోరాడే తీరు కూడా వేరుగా వుండాలి.

పేనుబంక కుకుంబర్ మొజాయిక్ వైరస్‌ను తెస్తుంది. తెగులు మొక్క మీద కొద్ది క్షణాలు రసం పీల్చితే చాలు, వైరస్ దాని నోటికి అంటుకుంటుంది. మరో మొక్క మీద వాలిన వెంటనే అంటిస్తుంది. మందు తగిలి పురుగు చచ్చేలోపలే తెగులు దిగిపోతుంది. కనుక చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న లేక మొక్కజొన్న వేసి దాన్ని గట్టు మీదనే ఆపడం మేలు.

తెల్లదోమ తెచ్చేది జెమిని వైరస్. కొన్ని ప్రాంతాల్లో రైతులు దీన్ని బొబ్బర తెగులంటారు. ఒకసారి వైరస్ ఎక్కిన దోమ చాలా రోజులపాటు తెగులును మోస్తూనే వుంటుంది. నారుమడి దశలో సోకితే మొక్క గిడసబారి కాపుకు రాదు. నారుమడి మీద సన్నకన్నుల నైలాను వల కప్పడం వల్ల ఎంతో మేలు జరుగుతుంది.

తామర పురుగులు తెచ్చేది మొవ్వుకుళ్ళు. పిల్లపురుగు దశలో వైరస్‌ను ఎక్కించుకున్న తామర పురుగు పెద్దదై రెక్కలు వచ్చాక బతికినంతకాలం దాన్ని పంచుతుంది.

రైతులు తరచు పొరబడేది పై ముడత, బొబ్బరల మధ్యనే. రెండింటిలోనూ ఆకు పైకి ముడుచుకుంటుంది. తామర పురుగు వల్ల వచ్చిన ముడతైతే పురుగు అదుపులోకి రాగానే కొత్త చిగురు బాగా వస్తుంది. వైరస్ అయితే కొత్త చిగురు కూడా ముడుచుకునే వస్తుంది, ఆకులు చిన్నవై ఈనెలు లావెక్కుతాయి. ఆకు కిందికి ముడుచుకుని ముదురాకుపచ్చగా మారితే అది నల్లి పని. ఈ తేడా తెలియక మూడింటికీ ఒకే మందు కొట్టడం నేటికీ చాలాచోట్ల జరుగుతున్నది. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. మొదట కనిపించిన నాలుగు మొక్కలను పీకి తగులబెట్టడమే మిగతా తోటకు రక్ష.

బత్తాయి తోటలకు హెచ్చరిక

మిరప ఒక్క ఏడాది పంట. పోతే మరుసటి ఏడు మళ్ళీ వేసుకోవచ్చు. ప్రకాశం జిల్లా పడమటి మెట్టల్లోని బత్తాయి, నిమ్మ తోటలకు, తెనాలి ప్రాంతపు నిమ్మ తోటలకు ఆ వెసులుబాటు లేదు. కాపు కోసం ఏళ్ళ తరబడి పెంచిన చెట్టు పోతే ఆ కుటుంబం పెట్టుబడి మొత్తం పోయినట్లే.

ఈ చెట్లకు పేనుబంక ట్రిస్టెజా వైరస్‌ను, సిల్లా అనే చిన్న పురుగు గ్రీనింగ్ తెగులును తెస్తాయి. సిల్లా ద్వారానే గ్రీనింగ్ వ్యాపిస్తుందని 1967లోనే మన దేశ శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఈ తెగులు సోకిన చెట్టు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఈ లోపల సిల్లా దాని రసం పీల్చి పక్క చెట్లకు పంచిపెడుతుంది.

దీన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం చెబుతుంది. అక్కడ సిల్లా పురుగు 1998లో, తెగులు 2005లో కనిపించాయి. 2003-04లో 24 కోట్ల పెట్టెలకు పైగా కమలాలు పండిన ఆ రాష్ట్రంలో 2023-24లో పండింది 2 కోట్ల పెట్టెల లోపే. కాలిఫోర్నియా రాష్ట్రం మరో దారి పట్టింది. 2012లో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో ఒక ఇంటి పెరటి చెట్టుకు తెగులు బయటపడగానే దాన్ని తొలగించి, చుట్టుపక్కల పెరళ్ళన్నీ గాలించింది. అప్పటినుంచి ఇంటింటి చెట్లను, పురుగులను పరీక్షిస్తూ వస్తోంది.

ఇక్కడి బత్తాయి రైతు తెగులు చెట్టును జింకు లోపమని పొరబడే ప్రమాదం వుంది. జింకు లోపమైతే ఆకు నడిమి ఈనెకు రెండువైపులా పసుపు ఒకే తీరుగా వుంటుంది. గ్రీనింగ్ అయితే ఒకవైపు మచ్చకూ రెండోవైపు మచ్చకూ పొంతన వుండదు. ఇలాంటి ఆకు కనిపిస్తే ప్రయోగశాలలో పరీక్ష చేయించి గాని నిర్ధారణకు రాకూడదు. సిల్లా లేత చిగురు మీదనే గుడ్లు పెడుతుంది గనుక చిగురు వేసినప్పుడల్లా చూడాలి. ఇది పెరటి కరివేపాకు మీద కూడా బతుకుతుందని మరువరాదు. అంట్లు కొనేటప్పుడు తల్లిచెట్టుకు పరీక్ష జరిగిందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్‌కు రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. రైతు అడిగితేనే ఆ చట్టానికి విలువ.

వున్నవేమిటి, కావలసిందేమిటి

సాధనాలు బొత్తిగా లేవనడం న్యాయం కాదు. గుంటూరు చెంత లాంలో వ్యవసాయ, ఉద్యాన పరిశోధనా కేంద్రాలున్నాయి. తిరుపతిలోనూ, పెట్లూరులోనూ నిమ్మజాతి పంటల పరిశోధన జరుగుతోంది. 2020లో గ్రామాల్లో ఏర్పడిన రైతు భరోసా కేంద్రాలు 2024 నుంచి రైతు సేవా కేంద్రాలుగా పనిచేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టు 15న జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. సెల్‌ఫోనులో ఫోటో తీసి పంపితే పురుగు పేరు, చేయవలసిన పని చెబుతుంది.

అయితే ఫోటోకు చిక్కేది బయటపడిన తెగులే. లోపల దాగిన వైరస్‌కు ఆకు పరీక్ష తప్పదు. ఆ పరీక్ష ఫలితం పంటకాలం ముగిశాక వస్తే రైతుకు దాంతో పనిలేదు.

కావలసిన ఏర్పాటుకు కోట్లు అక్కరలేదు. చేనులో ఎకరానికి నాలుగైదు జిగురు అట్టలు కడితే పురుగు రాకపోకలు తెలుస్తాయి. తెల్లదోమకు పసుపు రంగు, తామర పురుగుకు నీలి రంగు. నాలుగు పూలు కోసి తెల్ల కాగితం మీద దులిపితే నల్ల తామర పురుగు బయటపడుతుంది. ఈ పని ఒక రైతు చేస్తే అతనికే లాభం. ఊరికి పదిమంది చేసి, వారం వారం ఆ లెక్కలు సేవా కేంద్రం బోర్డు మీద రాస్తే మండలానికంతా లాభం. ఏ ఊళ్ళో పెరిగిందో, గాలి ఎటు వీస్తోందో చూసి పక్క ఊళ్ళు జాగ్రత్తపడతాయి. అవసరం లేని ఊరు మందు ఖర్చు మిగుల్చుకుంటుంది.

ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోగా కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల మద్దతు ప్రకటించవలసి వచ్చింది. అలాంటి ఏడాది అనవసరంగా కొట్టిన ప్రతి మందూ రైతు అప్పులో కలుస్తుంది. ముందుగా కౌలు చెల్లించి సాగుకు దిగిన కౌలురైతుకు ఇది మరీ ప్రాణసంకటం. భూమి పేరున లేదన్న కారణంతో హెచ్చరికలు, పరీక్షలు అతనికి అందకపోతే ఊరి నిఘాలో పెద్ద చిల్లు పడినట్లే. పురుగు పట్టాదారు పాసుపుస్తకం చూసి వాలదు.

వచ్చే పంటకాలానికి మిరప నార్లు పోసేలోగా ప్రతి సేవా కేంద్రంలో వారపు లెక్కల బోర్డు, ప్రతి మండలానికి ఆకు నమూనాలు సేకరించే బాధ్యుడు, వారంలోగా ఫలితం చెప్పే ఏర్పాటు కల్పించాలి. అధికార యంత్రాంగం చేయవలసింది ఇది. వారానికొక పూట ఆకు తిప్పి, పూవు దులిపి చూడడం రైతు చేయవలసింది. ఈ రెండూ కలిసిన నాడు తెగులు కబురు తెగులు కంటే ముందుగా ఊరు చేరుతుంది.