తట్టి చూడలేని బేరం

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూడనివాళ్ళు మన వైపు ఉంటారా? గద్వాల కానీయండి, వనపర్తి కానీయండి, నాగర్‌కర్నూలు కానీయండి, ఖంగుమంటేనే బేరం. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్లే.

మరి ఫోనులో అమ్మితే తట్టేదెవరు? మా అమ్మమ్మగారి ఊరగాయ జాడీ అమ్మజూపినప్పుడు నాకీ చిక్కే వచ్చింది. పాత జాడీలు సేకరించే ఒకాయన వరుసగా అడిగారు: ఎత్తెంత? మూతి వెడల్పెంత? మూత దానిదేనా? అడుగుభాగం ఫోటో ఏదీ? పెచ్చు లేచిందా? ఎక్కడైనా అతికించారా?

నడుము దగ్గర వెంట్రుకంత బీట ఉంది. ఆ వైపు గోడకు తిప్పి ఫోటో తీశాను. మా ఆవిడ చూడనే చూచింది.

"జాడీకి గాజుపూత ఎందుకండీ? ఉప్పూ నూనే ఇంకకుండా ఉండటానికే కదా! నీళ్ళు పోసి రాత్రంతా ఉంచండి. చెమ్మ దిగితే ఆ మాటే వ్రాయండి. ఆయన వేలు ఇక్కడ లేదు. మన వేలే ఆయన వేలు."

తెల్లవారేసరికి చెమ్మ దిగింది. వ్రాశాను. ధర తగ్గించి అడిగారు, ఇచ్చాను. మూత విడిగా చుట్టి, చుట్టూ గడ్డి కూరి పంపాను.

చేరిన రోజు ఆయన వ్రాసింది ఒక్క ముక్క: "బీట మీరు చెప్పిన చోటే ఉందండీ. ఇంకా ఏమైనా అమ్ముతారా?"