దొరకనంత మాత్రాన లోపం లేనట్టేనా?

పరీక్ష బల్ల మీద బాగానే పనిచేసిందంటే ఆ సర్క్యూట్‌లో లోపం లేదని కాదు, ఆ కాసేపట్లో బయటపడలేదని మాత్రమే. బీటలువారిన సోల్డర్ జాయింట్ వేడికో అదురుకో క్షణంలో వెయ్యోవంతు విడిపోయి మళ్లీ కలిసిపోతుంది; మల్టీమీటర్ పెట్టేసరికి అంతా సవ్యమే. 2008 అక్టోబరు 7న సింగపూర్ నుంచి పెర్త్ వెళ్తున్న క్వాంటాస్ 72 విమానం, ఒక డేటా యూనిట్ పంపిన తప్పుడు అంకెల వల్ల ఉన్నట్టుండి రెండుసార్లు కిందికి వంగింది; వందమందికి పైగా గాయపడ్డారు. ఆ యూనిట్‌ను ఎన్ని రకాలుగా పరీక్షించినా ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థకు మూలకారణం చిక్కలేదు. అదే యూనిట్ 2006లోనూ ఇలాగే విఫలమైందని తేలింది. కాబట్టి లోపాన్ని మళ్లీ రప్పించాలని తంటాలు పడటం కన్నా, అది వచ్చిన క్షణంలోని వోల్టేజీ, ఉష్ణోగ్రత, తప్పిన సిగ్నల్ వివరాలను పరికరమే రాసిపెట్టుకోవడం మేలు. మెమరీ చాలదు, ఖర్చు పెరుగుతుంది అంటారు. పాతదాన్ని చెరిపేస్తూ సాగే చిన్న బఫర్ తప్పు దొర్లగానే ఆగిపోతే చాలు. అమెరికాలో 1996 నుంచి కార్లకు తప్పనిసరైన ఓబీడీ-2 అనే స్వీయ లోప నిర్ధారణ వ్యవస్థలోని ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ (తప్పు దొర్లిన క్షణపు రికార్డు) ఇంతకన్నా తక్కువ సమాచారంతోనే మెకానిక్‌కు దారి చూపుతోంది. ప్రతి చిన్న కుదుపునూ రాస్తే అసలుది మరుగున పడుతుందన్న మాటలో నిజముంది. అందుకే లెక్క కావాలి: ఎక్కడో ఒక్కసారి వచ్చిన తప్పు యాదృచ్ఛికం కావచ్చు, ఒకే చోట పదేపదే వచ్చేది కాదు. లాగ్ లేని పరికరానికి ‘నో ఫాల్ట్ ఫౌండ్’ (లోపం దొరకలేదు) అని చీటీ అంటించి పంపే అధికారం ఏ వర్క్‌షాపుకూ ఉండకూడదు.