సర్వర్‌కి ఎర్ర తెర
టెర్మినల్‌కి రంగులద్దడం కుర్రకారు సోకు అని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. రాయ్‌పూర్ ఎన్‌ఐటీలోనో, నవా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీలోనో చదివే మన పిల్లల ల్యాప్‌టాప్ ఊహించుకోండి: నాలుగు విండోలు, నాలుగూ నలుపే, ఒకదాంట్లో సొంత ఫోల్డర్, ఇంకోదాంట్లో ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లిన సర్వర్. ఫైళ్లు తుడిచేసే ఆర్‌ఎమ్ కమాండ్ ఎందులో కొట్టామో ఎంటర్ నొక్కాక తెలిసి ఏం లాభం? పోయిన ఫైలు చెత్తబుట్టలో కూడా దొరకదు. గ్నోమ్ టెర్మినల్‌లోనూ, కేడీఈ వాళ్ల కాన్సోల్‌లోనూ రంగులూ అక్షరాలూ విడివిడిగా పెట్టుకునే ప్రొఫైళ్లు పనికొచ్చేది ఇక్కడే. సర్వర్ ప్రొఫైల్‌కి ముదురెరుపు నేపథ్యం పెట్టండి. ఆ సర్వర్ బాష్‌లో ప్రాంప్ట్‌ని నిర్ణయించే పీఎస్1 మార్చి హోస్ట్ పేరునీ ఎర్రగా చూపించండి. లాగ్ ఫైళ్లు చదవడానికి స్క్రోల్‌బ్యాక్ పెంచుకోవాలి. క్లాసులో ప్రొజెక్టర్‌కైతే తెల్ల నేపథ్యం, పెద్ద అక్షరం. మే నెల మధ్యాహ్నం రాయ్‌పూర్‌లో కిటికీ పక్కన కూర్చున్నారా, ఆ ముద్దుల డార్క్ థీమ్‌లో కోడ్ బదులు మీ మొహమే కనిపిస్తుంది. (రోజుకో థీమ్ దించుకోవడం మాత్రం సోకే, ఒప్పుకుంటాను.) ఏ ప్రొఫైలూ తీర్చని బాధ ఇంకోటుంది. 1978 నాటి వీటీ100 టెర్మినల్ వరుసకి 80 గళ్లు, గడికో అక్షరం అని లెక్క కట్టింది. ఆ గళ్ల లెక్క నేటికీ పోలేదు. మన ఒత్తులూ, రాయ్‌పూర్‌లో ఎదురయ్యే హిందీ ఫైలు పేర్లలోని సంయుక్తాక్షరాలూ చాలా టెర్మినళ్లలో విరిగిపోతాయి. దీని మీద బగ్ రిపోర్టు రాసేవాళ్లు మనలో ఎందరు?