ద్రౌపదికి ఏ రంగు వేద్దాం?

"అమ్మా, ద్రౌపది తెల్లగా ఉంటుందా?"

పప్పులో పోపు వెయ్యబోతున్నదాన్నల్లా ఆగిపోయాను. మా అమ్మాయి ఏడో తరగతి. బళ్లో వార్షికోత్సవానికి వేషాల పోటీ పెట్టారు. తను ద్రౌపది వేస్తానని పేరిచ్చింది. "నువ్వు కాస్త నలుపు కదమ్మా, ద్రౌపది నప్పదు. శూర్పణఖ వెయ్యి, ప్రైజు నీదే" అన్నారట టీచరుగారు.

మర్నాడు బడికెళ్లాను. ఆవిడ మంచావిడే. పిల్ల మనసు నొప్పించానన్న సంగతే ఆవిడకి తెలీదు. "ద్రౌపది నల్లని పిల్లేనండీ. ఆ రంగు వల్లే ఆవిడకి కృష్ణ అని పేరు" అన్నాను. ఆవిడ నవ్వి, బల్లమీదున్న బొమ్మల పుస్తకం తెరిచి చూపించారు. "ఇందులో చూడండి మేడమ్, ఎంత తెల్లగా ఉందో!"

నా దగ్గర జవాబు లేకపోయింది. భారతం ఒకటి చెబుతోంది, బొమ్మ ఇంకొకటి చెబుతోంది. పిల్లలు నమ్మేది దేన్ని? బొమ్మనే. పిల్లలదాకా ఎందుకు, మనం మాత్రం?

బొమ్మల కథల్లో ఎవరికి ఏ బట్టలు కట్టారు, ఏ రంగు వేశారు అన్నది చిన్నపిల్లల వ్యవహారంలే అని మనం పట్టించుకోం. కానీ ఆ గీతలే తర్వాత వేషాల పోటీలోకి వస్తాయి. అక్కణ్ణించి పెళ్లిచూపుల్లోకీ వస్తాయి. "పిల్ల బాపు బొమ్మలా ఉందండీ" అన్న మాట మనలో ఎంతమంది వినలేదు? ఎంతమంది ఆ మాట తమ గురించి అనరేమోనని బెంగపడలేదు?

మగపిల్లలకి చిక్కే లేదు

మా ఆడపడుచు వాళ్లది గుడివాడ. వాళ్లబ్బాయి నిరుడు వేసవంతా స్పైడర్‌మ్యాన్ డ్రస్సు విప్పలేదు. ఆ ఎండల్లో పాలిస్టరు బట్ట! ఒళ్లంతా చెమటకాయలు. అయినా సరే, తీస్తే ఏడుపు.

ఆ డ్రస్సులో అంత మహత్యం ఏముందా అని నేనూ ఆలోచించాను. స్పైడర్‌మ్యాన్ 1962లో వచ్చాడు. కథ స్టాన్ లీది, ఆ వేషానికి రూపం ఇచ్చింది స్టీవ్ డిట్కో. తల నుంచి కాలి గోటిదాకా ఒక్క అంగుళం ఒళ్లు కనిపించదు. అందుకే ఆ ముసుగు కింద ఏ రంగు పిల్లాడైనా తనని తాను ఊహించుకోవచ్చునని స్టాన్ లీయే తర్వాత ఓసారి చెప్పాడు. మా ఆడపడుచు కొడుకు చామనఛాయే. వాణ్ణి "నువ్వు నలుపు, నీకు స్పైడర్‌మ్యాన్ నప్పదు" అని ఎవరూ అనలేదు. అనడానికి ఆ వేషంలో చోటే లేదు.

2004లో మన దేశం కోసం ప్రత్యేకంగా ఒక స్పైడర్‌మ్యాన్‌ని తయారుచేశారు. పేరు పవిత్ర ప్రభాకర్. గీసింది జీవన్ కాంగ్. పైన అదే ఎర్ర చొక్కా, అదే ముసుగు. కింద మాత్రం పంచెకట్టు! ముందు నవ్వొచ్చింది గానీ, తర్వాత ఎంత తెలివైన పనో అనిపించింది. ముసుగుతో పాత్ర నిలబడింది, పంచెతో ఊరు తెలిసింది.

సూపర్‌మ్యాన్ కథ ఇంకా తమాషా. 1938లో ఆ బొమ్మ వేసినప్పుడు సర్కసు వస్తాదుల మాదిరిగా బట్టలమీద ఎర్ర చెడ్డీ తొడిగారు. 2011లో అది వెటకారంగా ఉందని తీసేశారు. చదివేవాళ్లకి వెలితిగా తోచిందేమో, 2018లో పుస్తకాల్లో మళ్లీ పెట్టారు. 2025లో వచ్చిన సినిమాలోనూ ఆ చెడ్డీతోనే కనిపించాడు. ఒక్క చెడ్డీ గురించి ప్రపంచం ఇన్నేళ్లు వాదించుకుంది! మగవాడి వేషం మీద చర్చ అంతవరకే. అతని రంగు గురించో నడుము గురించో ఎవరూ కొలతలు తియ్యలేదు.

అదే దుకాణంలో ఆడపిల్లలకి ఏముంటాయని అడిగి చూడండి. రాకుమారి గౌను, భరతమాత చీర, ఝాన్సీరాణి కత్తి. ఆ పైన ఇంకేం ఉండదు.

ఉప్పునీళ్లలో నానిన చందమామలు

మా అమ్మ పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి అమ్మకి పదిహేనేళ్లు. తాతయ్య ఏటేటా బైండు చేయించిన చందమామలు ట్రంకు పెట్టెలో ఉండేవి. ఉప్పునీళ్లు వచ్చి అవన్నీ నాని ముద్దయిపోయాయట. చుట్టూ మనుషులు పోయిన చోట పుస్తకాల కోసం ఏడవడమేమిటని అమ్మ అప్పుడు నోరెత్తలేదు. ఇప్పటికీ ఆ బొమ్మలు కళ్లకి కట్టినట్టు చెబుతుంది. ఒక చేత్తో కత్తి, భుజాన శవం, శ్మశానంలో విక్రమార్కుడి నడక...

ఆ విక్రమార్కుణ్ణి గీసింది శంకర్. అసలు పేరు కె.సి. శివశంకరన్. 2020లో తొంభై ఆరేళ్ల వయసులో పోయారు. మరుసటి ఏడు పద్మశ్రీ ఇచ్చారు. ఆయనతోపాటు చిత్రా, వడ్డాది పాపయ్యగారు... వీళ్ల బొమ్మలు చూసే మనకి రాజంటే ఎలా ఉంటాడో, రాణి నగలెలా ఉంటాయో తెలిసింది.

1947 జూలైలో నాగిరెడ్డి-చక్రపాణి గార్లు చందమామ మొదలుపెట్టారు. తర్వాత అది పదికి పైగా భాషల్లో వచ్చింది. కథ ఏ భాషలో అచ్చయినా బొమ్మ మాత్రం ఒకటే. నాకు తోచేదేమంటే, ఒకే బొమ్మ తెలుగువాళ్లకీ మరాఠీవాళ్లకీ ఒడియావాళ్లకీ పనికిరావాలంటే దాంట్లో ఏ ఒక్క ఊరి కట్టూ బొట్టూ గట్టిగా కనపడకూడదు. అందుకే ఆ రాణి చీరకట్టు ఎవరిదీ కాదు, అందరిదీ. దానివల్ల దేశమంతా ఒక్క బొమ్మని ప్రేమించింది, అది లాభమే. నష్టం ఏమిటంటే "అందరిదీ" అనేసరికి ఒంటి రంగు కూడా మెల్లిగా ఒకటే అయిపోయింది. అదీ తెలుపు.

1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్రకథలోనూ అంతే. పురాణాల్ని, చరిత్రని కోట్ల మంది పిల్లలకి అందించిన ఘనత దానిది. ఆ మేలు మరిచిపోకూడదు. కానీ దేవతలు, రాకుమార్తెలు తెల్లగా, రాక్షసులు నల్లగా ఉంటారని పిల్లల బుర్రల్లో నాటిందన్న విమర్శ దానిమీద ఎప్పణ్ణించో ఉంది.

ప్రాణ్ గీసిన చాచా చౌదరి తలపాగా, మీసం, చేతికర్ర మనందరికీ గుర్తే. ఆయన భార్య చేతిలో ఏముండేది? అప్పడాల కర్ర! మగాడికి తలపాగాలో తెలివి, ఆడదానికి చేతిలో అప్పడాల కర్ర. నవ్వుకున్నాం, సరే. కానీ ఆ కర్ర ఆవిడ చేతిలోకి ఎలా వచ్చిందని ఎప్పుడైనా అడిగామా?

నీలం ఎవరికి?

ఇక అసలు సంగతికి వస్తాను. రాముడు నల్లనివాడు. కృష్ణుడు నల్లనివాడు. ఆ నలుపుని గీసేవాళ్లు నీలం చేశారు. చూసేవాళ్లకి ముచ్చటేసింది. మరి ద్రౌపదీ నల్లనిదే కదా. అగ్నిగుండంలోంచి పుట్టినప్పుడే ఆవిడ రంగు చూసి కృష్ణ అన్నారు. ఆవిడకి నీలం ఎందుకు వెయ్యలేదు?

మగవాడి నలుపుకి ఒక గౌరవమైన రంగు దొరికింది. ఆడదాని నలుపుకి ఏ రంగూ దొరకలేదు. అందుకని తెలుపు పూసి ఊరుకున్నారు.

ఇది ఈ పుస్తకాలతోనే పుట్టిన అలవాటు కాదు. కాళహస్తి కలంకారీ చూడండి. పెద్ద గుడ్డమీద గళ్లు గళ్లుగా రామాయణం బొమ్మలు వేసి, కింద తెలుగులో కథ రాస్తారు. అవి మన పాతకాలపు బొమ్మల కథలే! అందులోనూ దేవుళ్లకి నీలం, ఆడవాళ్లకి పసుపు అని ఆనవాయితీ. అక్కడ రంగు అంటే ఫలానా మనిషి ఒంటి చాయ కాదు, ఎవరు ఎవరో పోల్చుకునే గుర్తు. ఆ తేడా అచ్చులోకి వచ్చేసరికి చెరిగిపోయింది. గుర్తు కాస్తా అందానికి కొలబద్ద అయి కూర్చుంది.

ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లిన గొడవ

ఈ పేచీ మన ఒక్కళ్లదే అనుకునేరు. అమెరికావాళ్ల వండర్ ఉమన్ 1941లో పుట్టింది. రాసింది విలియం మార్స్‌టన్, గీసింది హెచ్.జి. పీటర్. ఆ వేషంలో నాకు నచ్చేది ఆవిడ చేతి కడియాలు. తుపాకీ గుళ్లని వాటితోనే ఆపుతుంది. ఒకప్పుడు హెర్క్యులెస్ మనుషులు తమ జాతి ఆడవాళ్లని సంకెళ్లు వేసి బానిసలుగా పెట్టుకున్నారనీ, ఆ సంగతి మరిచిపోకుండా ఉండటానికే ఆ కడియాలనీ కథ. ఎంత మంచి ఊహ! మన గాజులకి కూడా అలాంటి కథ ఒకటి ఎవరైనా రాస్తే బావుండును.

కానీ మిగతా బట్టల మాటేమిటి? 2016 అక్టోబరు 21న ఐక్యరాజ్యసమితి వండర్ ఉమన్‌ని స్త్రీల సాధికారతకి గౌరవ రాయబారిగా ప్రకటించింది. అక్కడ పనిచేసే ఉద్యోగులే ఎదురు తిరిగారు. చాలీచాలని బట్టలు, ఏ ఆడదానికీ సాధ్యంకాని కొలతలు, పైగా అమెరికా జెండా రంగులు... ఈవిడ ప్రపంచ స్త్రీలందరికీ ప్రతినిధా? అని వేల మంది సంతకాలు పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, డిసెంబరులో ఆ హోదాకి స్వస్తి చెప్పారు. ఒక బొమ్మ కట్టిన బట్ట అంత పెద్ద సంస్థ చేత వెనకడుగు వేయించింది!

మరి మార్గం లేదా? ఉంది. 2014లో మిస్ మార్వెల్ పేరుతో కమలా ఖాన్ అనే అమ్మాయి కథలు మొదలయ్యాయి. అమెరికాలో పెరిగిన పాకిస్తానీ పిల్ల. ఆ అమ్మాయికి మొదటిసారి శక్తులు వచ్చినప్పుడు తెల్లతోలు, బంగారు జుట్టు, ఒంటికి అతుక్కున్న కురచ బట్టలతో తను ఆరాధించే వీరనారిలా మారిపోతుంది. తీరా మారాక ఆ బట్టలు ఇబ్బంది, ఆ రూపం పరాయి. చివరికి తన దగ్గరున్న ఈత దుస్తులనే మార్చుకుని పొడుగు కుర్తా లాంటి నీలం డ్రస్సు, మెళ్లో ఎర్ర చున్నీతో నిలబడుతుంది. అది చదివినప్పుడు మా అమ్మాయి ముఖం గుర్తొచ్చింది నాకు.

అదే ఏడాది మన దేశంలో ప్రియాస్ శక్తి అనే బొమ్మల కథ వచ్చింది. రామ్ దేవినేని, డాన్ గోల్డ్‌మన్ దాని కర్తలు. అత్యాచారానికి గురైన పల్లెటూరి పిల్ల ప్రియ పులినెక్కి ఊళ్లోకి వస్తుంది. ఒంటిమీద మామూలు సల్వార్ కమీజు. ఆ పులే ఆవిడ వేషం, ఆ పులే ఆవిడ ధైర్యం. ఇంకేం నగలు కావాలి?

మన పెరట్లోనే ఉంది

ఇంత దూరం వెళ్లి ఆలోచించాక తెలిసింది, జవాబు మన పెరట్లోనే ఉందని. బందరు నుంచి కూచిపూడి ఎంత దూరం? అక్కడి సత్యభామ వేషంలో పాత్రని నిలబెట్టేది జడ. తెర మీదుగా ఆ జడ ఒక్కటి వేస్తే చాలు, జనం భామ వచ్చిందని గుర్తుపట్టేస్తారు. ముఖం కనపడక్కర్లేదు, రంగు తెలియక్కర్లేదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు మగవాడై ఉండీ ఆ వేషంతో లోకాన్ని మెప్పించారంటే అందులో జడకి ఎంత భాగం ఉందో! స్పైడర్‌మ్యాన్‌కి ముసుగు చేసిన పని, మన సత్యభామకి జడ ఎప్పుడో చేసి పెట్టింది.

ఇక కట్టుకోడానికి పెడన కలంకారీ ఉంది. కరక్కాయ నీళ్లలో ముంచి, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ కలిపి ఊరవేసిన నలుపుని కొయ్య అచ్చులతో గుడ్డకి అద్దుతారు. ఆ అద్దకాల్లో నలుపు లేకపోతే బొమ్మకి అంచే లేదు! పెట్టుకోడానికి చిలకలపూడి రోల్డు గోల్డు నగలున్నాయి. అద్దె డ్రస్సుకి ఇచ్చే డబ్బులతో బందర్లో ఒక పిల్లని చక్కగా ముస్తాబు చెయ్యొచ్చు.

అలాగే చేశాం. అమ్మ తన పెడన చీర తెచ్చింది. జుట్టు విరబోసి, కొప్పు పెట్టకుండా వదిలేశాం. శపథం పట్టిన ద్రౌపది కదా! పౌడరు డబ్బా తీస్తే మా అమ్మాయే వద్దంది.

టీచరుగారు స్టేజీ పక్క నుంచి చూశారు. ఏమీ అనలేదు. మొదటి బహుమతి కృష్ణుడికి వెళ్లింది, ముఖానికి నీలం రంగు పూసుకున్న పిల్లాడికి. మా అమ్మాయికి ఏమీ రాలేదు. దిగొస్తుంటే ఒక చిన్నపిల్ల అడిగింది, "అక్కా, నువ్వెవరు?" అని.

"కృష్ణని" అంది మా అమ్మాయి.

"కృష్ణుడు వాడు కదా?"

"వాడు కృష్ణుడు. నేను కృష్ణ. ద్రౌపదికి అదీ పేరే."

ఆ చిన్నపిల్ల నమ్మిందో లేదో తెలీదు. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లింది.

మీ ఇంట్లో బొమ్మల పుస్తకాలుంటే ఈసారి పిల్లలతో కలిసి మీరూ తిరగెయ్యండి. ఈ బొమ్మలో అమ్మాయి ఈ బట్టల్లో పరుగెత్తగలదా? ఇంత చెడ్డవాడు నల్లగానే ఎందుకున్నాడు? ద్రౌపది ఎందుకు తెల్లగా ఉంది? అని పిల్లల్నే అడగండి. ఆ పుస్తకాలు పారేయమని నేననను. మా అమ్మ పోగొట్టుకున్న వాటి కోసం ఇప్పటికీ బెంగపడుతుంది, నాకు తెలుసు. చదువుకుందాం, ప్రేమగానే చదువుకుందాం. పక్కన రంగు పెన్సిళ్ల డబ్బా కూడా ఒకటి పెట్టుకుందాం, అంతే.