బోల్టు వదులా, బుద్ధి వదులా?

వస్తువును చెవితో పరీక్షించి వెలకట్టు దురభ్యాసము మనవారిలో ప్రబలుచున్నది. రైఫిలు బోల్టును వెనుకకు లాగి, వ్రేలితో అటునిటు ఊపి, అది ఇంచుక కదలినంతనే నాసిరకమని తీర్పు చెప్పుదురు. ఇషాపూరు కర్మాగారమునందు తయారై లైసెన్సుదారుల చేతికి వచ్చిన మన .315 స్పోర్టింగు రైఫిలు ఈ నిందకు తఱచుగా గురియగుచున్నది. ఆ వదులు పోవుటకై విశేష ధనము వెచ్చించి క్రొత్త బోల్టు వేయింపవలెనని సలహా చెప్పువారికిని కొదువలేదు. ఈ వ్యయము సార్థకమా? ఏ కొలది సందర్భములందో తప్ప కాదనియే మా నిశ్చితాభిప్రాయము.

బోల్టు చేయు పని యేమి? తూటాను గదిలోనికి నెట్టుట, దానిని మూసి పట్టుట, మందు ప్రేలినపుడు పుట్టు ఒత్తిడిని భరించుట, ఖాళీ తొడుగును బయటికి లాగుట. వెనుకకు లాగిన స్థితిలో బోల్టునకు దారిచూపు గోడలే తప్ప పట్టుకొను ఆధారము లేదు. కనుక అది ఊగుట సహజము. మూసి పిడి దింపిన క్షణమున దాని చెవులు తమ గూళ్లలో కూర్చుండును, తూటా దాని ముఖమునకు ఆనుకొనును. గుండు వెడలునది ఆ స్థితిలోనే గాని ఊగు స్థితిలో కాదు. తెరచిన తలుపు గాలికి ఊగినదని గడియ పెట్టిన తలుపును శంకించువానిని ఏమందుము?

అట్లని వదులన్నియు నిరపాయములని మేము చెప్పుటలేదు. చెవులు రెండును సమానముగా ఆనవలెను. మూసిన బోల్టు ముఖమునకును తూటా నిలుచు ఆధారమునకును నడుమ దూరము మితములోనుండవలెను. అది మీఱినచో తొడుగు చిట్లి, వేడి వాయువు కాల్చువాని ముఖముపైకి రాగలదు. కాని ఈ దోషము వ్రేలికి తెలియదు, చెవికి వినబడదు. గేజికి మాత్రమే దొరకును. లీ-ఎన్‌ఫీల్డు నాలుగవ నమూనా రైఫిలునకు 0 మొదలు 3 వఱకు నాలుగు కొలతల బోల్టు తలలు చేసినది ఈ దూరమును సరిదిద్దుటకే గాని ఊగులాట నాపుటకు కాదు. గొట్టము, కొయ్య అమరిక, ట్రిగ్గరు, తూటా అన్నియు సరిపడిన పిమ్మట పోటీలలో పాల్గొను గుఱికాడు బిగువైన బోల్టు కోరినచో కాదనము. తక్కినవారు ఆ సొమ్ముతో తూటాలు కొని లైసెన్సుగల రేంజిలో అభ్యసించినచో ఎక్కువ ఫలము పొందెదరు.

బిగువును పూజించువారు కెనడా దేశపు రాస్ రైఫిలు కథ చదువవలెను. గుఱికి పేరుపొందిన ఆ ఆయుధము 1915లో ఈప్రా యుద్ధరంగపు బురదలో పట్టివేసెను. సైనికులు బోల్టును బూటుకాలితో తన్ని తెరచుకొనవలసివచ్చెను. పలువురు దానిని పాఱవైచి బ్రిటిషువారి లీ-ఎన్‌ఫీల్డును ఎత్తుకొనిరి. 1916లో రాస్ రైఫిలు ముందువరుస నుండి తొలగింపబడెను. పొంచియుండి కాల్చు నిపుణులు మాత్రము దానిని విడువలేదు. ఒకని చేతిలో గుణమైనది వేఱొకని చేతిలో ప్రాణాంతకమైనది. కలాష్నికోవ్ తుపాకి లోపలి భాగములకు వదులు ఉద్దేశపూర్వకముగా ఉంచబడినది. ఇసుకకును మసికిని చోటుండవలెను గదా!

ఈ సత్యమును సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు పనివారికి మేము బోధింపనక్కరలేదు. రామచంద్రాపురమున భారీ విద్యుత్ యంత్రములను, భానూరులో క్షిపణులను, ఎద్దుమైలారమున సోవియట్ బి.ఎం.పి.-2 నమూనా ననుసరించి శరత్ అను సాయుధ శకటములను నిర్మించు నేల ఇది. శకటపు గొలుసు పట్టీని మితిమీఱి బిగించినచో త్వరగా అఱుగును, మితిమీఱి వదలినచో చక్రముల నుండి జాఱును. కొలిచి ఇచ్చిన వదులే దాని ఆయువు. పటాన్‌చెరు లేతు మీద పనిచేయు యువకుడు దీనిని "ప్లే" అనును. ఎంత ప్లే ఉండవలెనో చిత్రపటములో చూచి, గో గేజి, నో-గో గేజి పెట్టి నిర్ణయించును. అతడు ఊపి చూచి ఊహింపడు. అతని కున్న వివేకము తుపాకి కొనువారికి లేకుండుట సిగ్గుచేటు.

ఇది కొద్దిమంది వేటతుపాకుల ముచ్చట యని కొట్టివేయరాదు. 1999 కార్గిలు యుద్ధకాలమున ఇన్సాస్ రైఫిలుపై వచ్చిన ఫిర్యాదులలో ముఖ్యమైనది చలికి మ్యాగజీను పగులుట. ఆ దినమున బోల్టును నునుపుచేసి తృప్తిపడినచో సైనికునికి ఒరిగెడి దేమి? దోష మొకచోట, మందు మఱియొకచోట నైనచో ధనము పోవును, కాలము పోవును, తుదకు మనుష్యుడు పోవును. స్వదేశి వస్తువును చప్పుడు విని తృణీకరించుట ఎంత తప్పో, స్వదేశి యనుపేర నిజమైన లోపమును కప్పిపుచ్చుట అంత తప్పు. రెండింటికిని విరుగుడు కొలత యొక్కటే.

మఱియొక హెచ్చరిక. 1959 ఆయుధ చట్టము ప్రకారము తుపాకిని మార్చుటకే కాదు, మరమ్మతు చేయుటకును లైసెన్సు కావలెను. తెలిసిన లేతుషాపులో గీయించుకొందమను ఆలోచన నేరము. పైగా ఉక్కుపై గట్టిపఱచిన పొరను గీచివేయుట ఆత్మహత్యతో సమానము.

కావున రైఫిలు గలవారికి మా మనవి యిది: ముందు లైసెన్సుగల తుపాకి మరమ్మతుదారుచేత గేజి పెట్టించుడు. కొలత తప్పినదా, వెంటనే బాగుచేయింపుడు, వ్యయమునకు వెనుదీయకుడు. కొలత సరిపోయినదా, బోల్టు ఊగనిండు. ప్రభుత్వ శస్త్రాగారములు నడుపువారికిని ఇదియే మాట. ఎద్దుమైలారపు ఆయుధ కర్మాగార ప్రాంగణముననే 2008లో హైదరాబాదు ఐ.ఐ.టి. పాఠములు ఆరంభించి, పిమ్మట కందికి తరలినది. కార్ఖానాయు విద్యాలయమును ఒకే ఆవరణలో మెలగిన జిల్లాలో కొలతకు కఱవని ఎవరనగలరు? కఱవైనది కొలిచి చూడవలెనను సంకల్పమే.