అట్ట లేని పుస్తకం

గడచిన వేసవి సెలవులలో మన కళాశాల గ్రంథాలయపు వసారాలో బైండింగు పని జరిగింది. ఆ పని చూచే బాధ్యత మాకు అప్పగించినందున ప్రతిదినం కొంతసేపు అక్కడ కూర్చుండేవారము. బైండరు తన పనిలో నిపుణుడు. శిథిలమైన పుస్తకాన్ని తీసుకొని, పాత అట్టను ఊడదీసి ప్రక్కకు వేసి, పుటలను దారంతో కుట్టి, అంచులు కత్తిరించి, దళసరి అట్టలు అతికించి, వీపుకు నల్లని గుడ్డ వేసేవాడు. సాయంకాలానికి ఒకవైపు ఒకే రంగు, ఒకే రూపం గల పుస్తకాల వరుస. మరొకవైపు ఊడదీసిన అట్టల కుప్ప. వరుస బీరువాలోకి వెళ్ళింది. కుప్ప చెత్తలోకి వెళ్ళబోతుండగా మేము ఆపించాము. ఎందుకు ఆపించారని సహాధ్యాపకులు కొందరు నవ్వుతూ అడిగారు. వారికి ఆనాడు సరిగా చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. మా తండ్రిగారికి ఒక రేకు పెట్టె ఉండేది. అందులో అలహాబాదు నుండి వచ్చిన ఉర్దూ 'జాసూసీ దునియా' సంచికలు, వాటి ప్రక్కనే కొమ్మూరి సాంబశివరావుగారి తెలుగు డిటెక్టివ్ నవలలు ఉండేవి. ఒకవైపు ఇబ్నె సఫీ సృష్టించిన ఫరీదీ, హమీద్. మరొకవైపు కొమ్మూరివారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. మా తండ్రిగారు బడిలో చదివినది స్వల్పం. రెండు లిపులలోనూ ధారాళంగా చదవడం తమకు ఆ పెట్టె వల్లనే అలవడిందని వారు చెప్పేవారు. మేము ఎం.ఏ. పూర్తిచేసి వచ్చిన ఏడాదే వారు మమ్మల్ని విడిచి వెళ్ళారు. ప్రబంధాలు చదివామన్న గర్వం మా తలకెక్కి ఉన్న రోజులవి. ఇల్లు మారేటప్పుడు పెట్టెలోనివన్నీ చౌకబారు పుస్తకాలని తేల్చి, పాత కాగితాలవానిని పిలిచి తూకం వేయించినది మేమే.

కొన్నేళ్ళ తర్వాత మా ఇంటిలోని ఒక పటానికి అద్దం పగిలింది. కొత్త అద్దం వేయించడానికి చట్రం విప్పగా ఫోటో వెనుక దన్నుగా పెట్టిన అట్టముక్క ఒకటి బయటపడింది. అది జాసూసీ దునియా ముఖచిత్రం. పసుపుపచ్చని నేలపై టోపీ పెట్టుకొన్న మనిషి సగం ముఖం, క్రింద ఎర్రని అక్షరాలు. వెనుకవైపు పెన్సిలుతో మా తండ్రిగారి పేరు ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి వ్రాసి ఉన్నది. పుస్తకం పోయింది, అట్ట మిగిలింది. మన గ్రంథాలయంలో ఇందుకు విరుద్ధంగా జరుగుచున్నది. అక్కడ పుస్తకం మిగులుతున్నది, అట్ట పోతున్నది. రెండూ నష్టాలే అని ఆనాడు మాకు తెలిసివచ్చింది.

ఈ చిన్న పుస్తకాల పుట్టుక గూర్చి విద్యార్థులు కొంత తెలిసికొనడం మంచిది. 1935లో లండనులో ఆలెన్ లేన్ అనే ప్రచురణకర్త పెంగ్విన్ పేరిట పది పుస్తకాలను ఆరు పెన్నీల వెలకు వెలువరించాడు. వాటి అట్టలపై బొమ్మలు లేవు. నవలకు నారింజ, అపరాధ పరిశోధనకు ఆకుపచ్చ, జీవితచరిత్రకు నీలం అని రంగులే గుర్తులు. 1939లో అమెరికాలో పాకెట్ బుక్స్ సంస్థ ఇరవై అయిదు సెంట్ల వెలతో బొమ్మల అట్టలను ప్రవేశపెట్టింది. అంతకు పూర్వమే అక్కడ గుజ్జు కాగితంపై అచ్చయ్యే చౌక కథల పత్రికలు ఉండేవి. 'పల్ప్' అన్న పేరు ఆ గుజ్జు వల్ల వచ్చినదే. అటువంటి పత్రికలలో ఒకటైన 'బ్లాక్ మాస్క్'లో వ్రాసిన డాషియల్ హామెట్, రేమండ్ చాండ్లర్‌ల రచనలను నేడు విశ్వవిద్యాలయాలలో పాఠాలుగా చదువుచున్నారు. మన దేశంలో 1958లో ఢిల్లీలో హింద్ పాకెట్ బుక్స్ ప్రారంభమైంది. తెలుగునాట ఎం. శేషాచలం అండ్ కంపెనీ వారి 'ఎమెస్కో' జేబు పుస్తకాలు ఇంటింటికీ చేరాయి.

ఉర్దూలో ఆ స్థానం ఇబ్నె సఫీది. 1928లో జన్మించిన అస్రార్ అహ్మద్ ఈ కలంపేరుతో 1952 మార్చిలో అలహాబాదు నుండి 'జాసూసీ దునియా'ను ఆరంభించారు. మొదటి నవల 'దిలేర్ ముజ్రిమ్'. అదే ఏడాది ఆయన కరాచీకి వెళ్ళిపోయినా అలహాబాదు ప్రచురణ ఆగలేదు. 1980లో మరణించేనాటికి జాసూసీ దునియాలో 125, ఇమ్రాన్ పేరిట మరొక 120 నవలలు వ్రాశారు. సరిహద్దుకు ఇరువైపులా ఒకే నవల వేర్వేరు అట్టలతో వెలువడేది. ఆయన పేరును పోలిన పేర్లతో నకిలీ రచయితలు కూడా పుట్టుకొచ్చారు. కనుక అట్ట పోయిన పుస్తకం ఏ ఊరి ముద్రణయో, అసలుదో నకిలీయో తేల్చడం సేకరణకర్తకు సైతం కష్టం. మీర్ కవిత్వంపై మహాగ్రంథం వ్రాసిన శంసుర్ రహ్మాన్ ఫారూఖీ వంటి విమర్శకుడు ఈ నవలలు నాలుగింటిని ఆంగ్లంలోకి అనువదించగా చెన్నైలోని బ్లాఫ్ట్ సంస్థ 2011లో ప్రచురించింది. అంతటి పండితుడు చిన్నతనంగా భావించని పుస్తకాలను మేము తూకానికి అమ్మాము!

తెలుగు అట్టల సంగతికి వద్దాము. బాపుగారి గీత, వారి అక్షరం తెలియని తెలుగువారు అరుదు. చంద్రగారి ముఖచిత్రాలు ఒక తరం నవలలకు రూపురేఖలు దిద్దాయి. బాపుగారు 2014లోను, చంద్రగారు 2021లోను దివంగతులైనారు. వారి పేర్లు నిలుస్తాయి. అయితే డిటెక్టివ్ నవలల అట్టలు వేసిన చిత్రకారులలో ఎందరో సంతకం కూడా చేయలేదు. నెలకు ఇన్ని అట్టలని లెక్కకు బొమ్మలు వేసి, బ్లాకు తయారైన తర్వాత ఆ అసలు బొమ్మ ఏమైనదో అడగకుండా మరొక అట్టకు కూర్చున్నవారు వారు. వారి పనికి మిగిలిన సాక్ష్యం ఆ అచ్చయిన అట్ట ఒక్కటే. దానిని ఊడదీసి పారవేస్తే వారు ఈ లోకంలో పనిచేసినట్లే ఆధారం ఉండదు.

ఇక అట్ట చెప్పే విషయాలు చూడండి. వెల ఎంతో చెబుతుంది. ఏ కాలంలో ఎటువంటి దుస్తులు, ఎటువంటి కారు, ఎటువంటి టెలిఫోను నాగరికతగా తోచాయో చెబుతుంది. భూతద్దం పట్టి చూస్తే బొమ్మ అంతా చుక్కలుగా విడిపోతుంది. ఆ చుక్కల అమరికలో ఎరుపు, పసుపు, నీలం బ్లాకులను ఒకదానిపై ఒకటి అద్దిన పద్ధతి కనిపిస్తుంది. ఒక రంగు వెంట్రుకవాసి ప్రక్కకు తొలగి ఉంటే ఆనాటి అచ్చుకూటపు తొందర కూడా కనిపిస్తుంది. లోపలి అట్టపై అద్దె పుస్తకాల దుకాణం ముద్ర, రోజుకు ఇన్ని పైసలని వ్రాసిన అంకె, పలువురు పాఠకుల పేర్లు ఉంటాయి. పండితులు ఏమి మెచ్చుకొన్నారో సాహిత్య చరిత్రలలో ఉన్నది. రైలులో, దుకాణంలో, రాత్రి కాపలాలో సామాన్యులు ఏమి చదివారో ఈ అట్టలమీదనే ఉన్నది.

దీనికి కమిటీ పెద్దలు ఒక ఆక్షేపణ చెప్పవచ్చును. ఆ అట్టలపై బొమ్మలు కొన్ని అసభ్యంగా ఉంటాయని, తల్లిదండ్రులు నమ్మి పిల్లలను పంపే కళాశాలలో వాటికి తావు ఉండరాదని. ఈ ఆక్షేపణను మేము తేలికగా తీసివేయము. స్త్రీని కేవలం అంగడి సరుకుగా చూపిన అట్టలు ఉన్నమాట వాస్తవం. ఈ ఆందోళన మన ఒక్కరిదే కాదు. 1952లో అమెరికా ప్రతినిధుల సభ ఇటువంటి పుస్తకాలపై ప్రత్యేక సంఘాన్ని వేసి విచారణ జరిపింది. సరిగ్గా అదే ఏడాది ఆరంభమైన జాసూసీ దునియా, అసభ్యతకు చోటివ్వకుండానే పాఠకులను పట్టి నిలిపింది. కనుక 'చౌక' వేరు, 'నీచం' వేరు అని గుర్తించవలసి ఉన్నది. నీచమైన అట్టలను గోడలకు తగిలించమని మేము కోరము. తాళం గల బీరువాలో ఉంచి, అధ్యాపకుని అనుమతితో పరిశీలనకు ఇస్తే చాలును. ఆనాటి సమాజం స్త్రీని ఎట్లు చూచినదో రేపటి విద్యార్థిని విమర్శించదలచుకొంటే, ఆమె చేతికి సాక్ష్యం ఉండాలి కదా? సిగ్గుపడవలసిన దానిని తగులబెట్టినంత మాత్రాన అది జరగలేదని కాజాలదు.

రెండవ ఆక్షేపణ డబ్బు, స్థలం. పాత పుస్తకాలను వెల పెట్టి కొనమని మేము అడుగుట లేదు. ఉన్నవాటిని పోగొట్టుకొనవద్దని మాత్రమే మా మనవి. పాత పుస్తకం దొరికే చోట్లు కూడా శాశ్వతాలు కావు. హైదరాబాదు ఆబిడ్సులో ఆదివారాలు కాలిబాటపై పుస్తకాలు పరచుట మనం ఎరుగుదుము. ఢిల్లీ దర్యాగంజ్ కాలిబాటలపై దశాబ్దాలపాటు సాగిన అటువంటి సంత 2019లో న్యాయస్థానపు ఉత్తర్వుతో అక్కడి నుండి తొలగి మహిళా హాట్ ఆవరణకు మారింది. రేపు కొనవచ్చులే అనుకొన్నది రేపటికి ఉంటుందని నమ్మకం లేదు.

కాబట్టి కళాశాల కమిటీవారికి మా విన్నపాలు మూడు. మొదటిది, బైండింగుకు ఇచ్చే ప్రతి పుస్తకం పాత అట్టను, ముందుదీ వెనుకదీ, లోపలి పుటలతోపాటే కుట్టించాలి. దీనికి అదనపు ఖర్చు దాదాపు లేదు. బైండరుకు ఒక్క మాట చెబితే చాలును. రెండవది, జేబు పుస్తకాలకు ఒక బీరువా, ఒక రిజిస్టరు ఏర్పాటు చేయాలి. రిజిస్టరులో రచయిత పేరుతోపాటు చిత్రకారుని పేరు, అచ్చుకూటం, వెల, ముద్రణ సంవత్సరం నమోదు కావాలి. మూడవది, మేము ఆపించిన ఆ అట్టల కుప్పను ఏ పుస్తకం అట్ట ఆ పుస్తకానికి జతపరచడానికి ఇద్దరు విద్యార్థులకు అనుమతి ఇవ్వాలి. వారితో కూర్చుండి పనిచేయడానికి మేము సిద్ధము.

విద్యార్థులకు కూడా ఒక మాట. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అటకపై, మంచం క్రింద, తాతగారి పెట్టెలో ఏమున్నదో చూడండి. ఉర్దూ అయినా తెలుగు అయినా పారవేయవద్దు. ఆ కాగితంలో కట్టెలోని జిగట పదార్థం మిగిలి ఉండడం వల్ల వెలుతురుకు పసుపుబారి, పెళుసై విరుగుతుంది. కనుక ఎండ, తేమ తగలనీయరాదు. చిరిగినచోట అతుకుడు టేపు వేయరాదు. దాని జిగురు కొన్నాళ్ళకు మరకై నిలుస్తుంది. రబ్బరు బ్యాండ్లు వేయరాదు. పురుగు పట్టినదాన్ని వేరుగా ఉంచాలి. ఇవ్వడానికి ఇంటివారికి మనసు ఒప్పకపోతే మీ చేతిలోని మొబైల్ ఫోనుతో అట్టకు రెండువైపులా ఫోటో తీసుకొని రండి. పెద్దలను అడిగి ఆ పుస్తకం ఎక్కడ కొన్నారో, ఎవరు చదివారో వ్రాసుకొని రండి. అది ఏ విశ్వవిద్యాలయపు సిద్ధాంత గ్రంథంలోనూ దొరకని సమాచారం.

మా తండ్రిగారి సంతకం గల ఆ ముఖచిత్రానికి చెందిన నవల నేటికీ మాకు దొరకలేదు. ఆదివారాలు వెదకుచున్నాము. ఒకే అట్టపై రెండు లిపులలో తన పేరు వ్రాసుకొన్న మనిషికి, ఆ రెండు భాషలనూ బోధించే ఈ కళాశాలలో ఒక బీరువా అర దక్కితే చాలునని మా ఆశ.