ఎవరూ చదవని ఉత్తరాలు



గడచిన జూన్ నెల ఏడవ తేదీన జుహర్ తరువాతి పాఠం ముగించి లేస్తుండగా, మా పూర్వ విద్యార్థి ఒకరు తరగతి గది వాకిట నిలబడి కనిపించారు. బురఖాలు, కుర్తాలు కుట్టించి టోకున అమ్మే చిన్న వ్యాపారం ఆయనది. దుకాణంలో పనిచేసేవారు ఆరుగురే. కుట్టుపని మాత్రం ముప్పై ఎనిమిది ఇళ్ళలో జరుగుతుంది. కత్తిరించిన బట్టల కట్టలను స్త్రీలు ఇంటికి తీసుకుపోయి, కుట్టి, తిరిగి తెచ్చి అప్పగిస్తారు. ఎవరు ఎన్ని పీసులు తీసుకున్నారు, ఎన్ని తెచ్చారు, పీసుకు కూలి ఎంత, ముందుగా పుచ్చుకున్న అడ్వాన్సు ఎంత అనే వివరాలన్నీ దుకాణం వెనుక గదిలోని ఒక సర్వర్‌లో ఉంటాయి. ప్రతి నెలా పదవ తేదీన లెక్క తేల్చి కూలి చెల్లిస్తారు.

"హజ్రత్, ఉదయం నుండి సర్వర్ లేవడం లేదు. రెండు డిస్కులు పెట్టించాను. ఒకటి పోయినా రెండవది ఉంటుందన్నారు. ఇప్పుడు ఏదీ లేనట్టే ఉంది" అని ఆయన చెప్పారు. మా మదర్సా కంప్యూటర్లను చూసే యువకుణ్ణి వెంట పంపమని అడగడానికి వచ్చారు. మేము కూడా వెళ్ళాము. ఆ స్త్రీలలో పలువురి పిల్లలు మా వద్దనే చదువుతున్నారు. బడులు తెరిచే నెలలో కూలి ఆగితే ఆ ఇళ్ళలో ఏమవుతుందో మాకు తెలుసు.

రెండు డిస్కుల ఏర్పాటు

ఈ ఏర్పాటు గురించి తెలియని పాఠకుల కోసం కొంత వివరిస్తాము. సర్వర్‌లో రెండు హార్డ్ డిస్కులు అమర్చి, ఒకదానిపై రాసే ప్రతి అక్షరం రెండవదానిపై కూడా అదే క్షణంలో రాయబడేలా చేస్తారు. దీనిని మిర్రర్ అంటారు, అంటే అద్దం. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనేక చౌక డిస్కులను జతపరచి నమ్మకంగా వాడుకునే విధానాన్ని ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించి, దానికి రెయిడ్ అని పేరు పెట్టారు. అందులో మొదటి అంచె ఈ అద్దమే.

ఒకరు చెబుతుండగా ఇద్దరు లేఖకులు ఒకేసారి రాస్తున్నారనుకోండి. ఒకరు జబ్బుపడితే రెండవవారి చేతిలో రాత ఆగదు. అద్దం వల్ల ప్రయోజనం ఇదే. అయితే చెప్పేవారు "ఆ పంక్తి కొట్టివేయండి" అంటే ఇద్దరూ కొట్టివేస్తారు. పొరపాటున ఒక ఫైలు చెరిపివేసినా, వైరస్ వచ్చి అన్నింటికీ తాళం వేసినా రెండు డిస్కులపైనా అదే జరుగుతుంది. డిస్క్ చెడినప్పుడు పని ఆగకుండా చూడడం అద్దం పని. పోయినదాన్ని తిరిగి ఇవ్వడం బ్యాకప్ పని. మా విద్యార్థి మొదటిదాన్నే రెండవదిగా భావించారు. ఆయన పెన్‌డ్రైవ్‌లో వేసుకున్న చివరి బ్యాకప్‌కు రెండేళ్ళు నిండాయి.

మొదట ఏమీ చేయకపోవడం

మేము చేరేసరికి సర్వర్ అమర్చిన వ్యక్తి ఫోనులో సలహా ఇస్తున్నారు: "పెన్‌డ్రైవ్ పెట్టి సిస్టమ్ మళ్ళీ వేయండి, అరగంటలో లేస్తుంది." మా యువకుడు వినయంగానే అయినా గట్టిగా వద్దన్నాడు. సిస్టమ్ మళ్ళీ వేయడమంటే డిస్క్‌పై రాయడమే. ఏ డిస్క్‌పై ఏముందో తెలియనంతవరకు చదవడమే తప్ప రాయకూడదని అతడి నియమం. విద్యుత్తు ఆపి రెండు డిస్కులనూ బయటకు తీశాడు. వాటి సీరియల్ నంబర్లను కాగితం ముక్కలపై రాసి, ఏది ఏ స్థానంలో ఉండేదో గుర్తుపెట్టి అంటించాడు, ఫోటోలు తీశాడు. తీగ మారితే యంత్రం డిస్కును పిలిచే పేరు కూడా మారిపోవచ్చు. సీరియల్ నంబరు మాత్రం మారదు. మంచి డిస్కును చెడ్డదనుకొని చెరిపివేసే ప్రమాదం ఇటువంటి చోటనే పొంచి ఉంటుంది.

ఆ పిమ్మట పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో యంత్రాన్ని నడిపి, అద్దాన్ని జతకూర్చకుండానే, ఒక్కొక్క డిస్కునూ విడిగా పరీక్షించాడు. మొదటి డిస్కులో చదవడానికి వీలుకాని భాగాలు అనేకం కనిపించాయి. రెండవది ఏ లోపమూ లేకుండా ఉంది.

"అయితే రెండవదాన్నే పెట్టి నడిపిద్దాం, మొదటిదాన్ని తీసేద్దాం" అన్నారు మా విద్యార్థి, ముఖం వికసించి. నిజం చెప్పాలంటే మాకూ అదే సబబనిపించింది.

యువకుడు ఇంకొక్కటి చూడాలన్నాడు. అద్దంలో సభ్యత్వం గల ప్రతి డిస్కుపైన ఒక చిన్న శీర్షిక ఉంటుంది. చివరిసారిగా ఎప్పుడు మార్పు జరిగింది, అప్పటికి ఎన్ని సంఘటనలు నమోదయ్యాయి అనేవి అందులో ఉంటాయి. రెండు డిస్కుల అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. జబ్బుపడిన మొదటి డిస్కు శీర్షికలో ముందురోజు రాత్రి సమయం ఉంది. ఆరోగ్యంగా ఉన్న రెండవదానిలో జనవరి రెండవ వారం నాటి తేదీ ఉంది.

విషయం ఇది. జనవరిలో ఒకనాడు రెండవ డిస్కు తీగ వదులై క్షణకాలం సంబంధం తెగింది. అద్దం దానిని వెలివేసింది. అప్పటి నుండి ఐదు నెలల లెక్కలన్నీ మొదటి డిస్కు ఒక్కటే మోసింది. ఇప్పుడు అది కూలిపోయింది. రెండవ డిస్కు చెడిపోలేదు గానీ దానికి తెలిసిన లోకం జనవరి వద్దనే ఆగింది. దానిని పెట్టి సర్వర్ నడిపి ఉంటే అది నిక్షేపంగా లేచేది. దుకాణం తెరిచి కొత్త బిల్లులు రాయడం మొదలయ్యేది. ఆపైన పాత డిస్కును దానితో జతచేసి పొరపాటున సరిచేయమని ఉంటే, జనవరి లెక్కలు జూన్ లెక్కలను తుడిచివేసేవి.

మరి ఉదయం రెండవ డిస్కుతో సర్వర్ దానంతట అదే ఎందుకు లేవలేదు? యంత్రాన్ని లేపే చిన్న ప్రోగ్రామ్, అంటే బూట్‌లోడర్, పాత పద్ధతి యంత్రాలలో డిస్కు మొట్టమొదటి 512 బైట్లలో మొదలవుతుంది. అది డిస్కులోని విభాగాలన్నింటికీ వెలుపల ఉంటుంది. ఇక్కడ అద్దం విభాగాలకే వేశారు గనుక బూట్‌లోడర్ దాని పరిధిలోకి రాలేదు. కొత్త యుఈఎఫ్ఐ యంత్రాలలో లేపే ప్రోగ్రామ్‌కు ప్రత్యేకంగా ఒక చిన్న విభాగం ఉంటుంది. యంత్రం లేచే తొలి క్షణాలలో సాఫ్ట్‌వేర్ అద్దాన్ని గుర్తించదు కాబట్టి ఆ విభాగాన్ని కూడా సాధారణంగా ఒక్కొక్క డిస్కుపై విడిగానే ఏర్పాటు చేయాలి. అమర్చినవారు మొదటి డిస్కుపై మాత్రమే చేసి ఊరుకున్నారు. అది లోపమే. కానీ ఆ లోపమే ఆనాడు జనవరి లెక్కలతో సర్వర్ లేవకుండా అడ్డుకుంది.

ఒక రాత్రి పని

సాయంత్రం బజారు నుండి రెండు కొత్త డిస్కులు తెప్పించాము. జబ్బుపడిన డిస్కును మరమ్మతు చేసే ప్రయత్నం ఏదీ జరగలేదు. అందులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా కొత్త డిస్కుపైకి ఎత్తి రాయడమే మొదటి పని. దీనికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది మొదట సులువుగా చదవగల భాగాలను తీసుకుంటుంది, మొండికేసే భాగాలను దాటివేస్తుంది, ఎక్కడ ఆగిందో ఒక పట్టికలో రాసుకుంటుంది. తరువాత వదిలివేసిన చోట్లకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి ప్రయత్నిస్తుంది. ప్రాణం పోతున్న డిస్కుతో ముందుగా సులువైన భాగాన్ని దక్కించుకోవడమే వివేకం. డిస్కు నుండి టక్ టక్ మనే శబ్దం వస్తుంటే మాత్రం ఈ ప్రయత్నం కూడా తగదు. వెంటనే విద్యుత్తు ఆపి, దుమ్ము చేరని గదిలో డిస్కును విప్పి పనిచేసే నిపుణులకు అప్పగించాలి.

అయిదువందల గిగాబైట్ల ఆ డిస్కు ఆరోగ్యంగా ఉంటే రెండు గంటలలోపు పూర్తి కావలసిన పని, ఇషా తరువాత మొదలై ఫజర్ దాటేవరకు సాగింది. చివరకు చదవలేకపోయినవి కొద్ది కిలోబైట్లే. నకలు పూర్తికాగానే యువకుడు అసలు డిస్కును తీసి పక్కన పెట్టాడు. నకలుకూ అసలుకూ గుర్తింపు సంఖ్య ఒక్కటే గనుక రెండూ ఒకే యంత్రంలో ఉంటే అద్దం నడిపే ప్రోగ్రామ్ తికమకపడుతుందని చెప్పాడు. తనిఖీలు, సవరణలు అన్నీ నకలుపైనే జరిగాయి. తరువాత రెండవ కొత్త డిస్కును జతచేసి అద్దాన్ని పూర్తి చేశాడు, బూట్‌లోడర్‌ను రెండింటిపైనా వేశాడు. ఒక డిస్కు తీగ పీకి యంత్రాన్ని లేపి చూపించాడు. దానిని తిరిగి జతచేసి రెండూ సరిసమానమయ్యేదాకా ఆగి, అప్పుడు రెండవదాని తీగ పీకి మళ్ళీ లేపాడు.

చదవలేని ఆ కొద్ది కిలోబైట్లలో కొంత బూట్‌లోడర్ ఉన్న చోట పడింది. మిగిలినది లెక్కల డేటాబేస్‌లో పడింది. మే నెల చివరి వారంలో పదకొండు మంది స్త్రీలకు సంబంధించిన నమోదులు దొరకలేదు.

తొమ్మిదవ తేదీన వారిని పిలిపించారు. "మీ వద్ద ఏమైనా రాసిపెట్టుకున్నారా ఆపా?" అని మా విద్యార్థి ఒక్కొక్కరినీ అడిగారు. చాలామంది వద్ద ఉంది. ఒకరి లెక్క కూతురి పాత నోటుపుస్తకం చివరి పుటలో ఉంది, ఒకరిది గోడ క్యాలెండరులోని తేదీల గళ్ళలో ఉంది. ఇద్దరి వద్ద రాత లేదు, జ్ఞాపకమే ఉంది. గోదాములోకి చేరిన సరుకు మొత్తంతో సరిచూస్తే తేడా మూడు కుర్తాలు వచ్చింది. "అవి మా వైపు పోయినవే" అని మా విద్యార్థి కూలి కట్టి ఇచ్చేశారు. ఒక సోదరి లెక్కంతా విని లేచి వెళ్ళబోతూ ఆగి, "ఇరవై ఏడవ తేదీన ఐదువందలు అడ్వాన్సు తీసుకున్నాను, అది మీరు తగ్గించలేదు" అన్నారు. ఆ నమోదు కూడా పోయిన భాగంలోనిదే. ఆమె చెప్పకపోతే యంత్రం చెప్పేది కాదు. పదవ తేదీన అందరికీ కూలి అందింది.

యంత్రం చెప్పింది, మనం వినలేదు

అంతా చక్కబడిన తరువాత ఒక విషయం బయటపడింది. అద్దంలో ఒక డిస్కు తప్పుకున్నదని ఆ సర్వర్‌కు జనవరిలోనే తెలుసు. ప్రతిదినం ఒక హెచ్చరిక ఉత్తరం రాస్తూనే ఉంది. అయితే ఏ చిరునామాకు పంపాలో అమర్చినవారు నింపలేదు. అందువల్ల ఆ ఉత్తరాలన్నీ సర్వర్ లోపలి తపాలా పెట్టెలోనే, ఎవరూ తెరవని చోట, ఐదు నెలలుగా పోగుపడ్డాయి. యువకుడు వాటిని తెరపై వరుసగా చూపుతుంటే మా విద్యార్థి చాలాసేపు మాట్లాడలేదు. మొదటి ఉత్తరం నాడే ఎవరైనా చదివి ఉంటే, ఆ వదులు తీగను బిగించి, రెండు డిస్కులనూ తిరిగి సరిసమానం చేసుకుంటే సరిపోయేది. అద్దంలోని సుగుణమే ఇక్కడ అపాయమైంది. సగం కూలినా అది పనిని ఆపదు గనుక, సగం కూలిందని మనకు తెలియదు.

వ్యాపారం గల పాఠకులు, సంస్థల లెక్కలు చూసేవారు ఈ నాలుగు విషయాలు తమ సర్వర్ చూసే వ్యక్తిని నేడే అడగాలని మా విన్నపం.

1. హెచ్చరికలు ఎవరి ఫోనుకు వస్తాయి? ఒక పరీక్ష హెచ్చరిక పంపించి, అది చేరినదీ లేనిదీ చూడండి. లినక్స్ అద్దమైతే దాని స్థితి చూపే పంక్తిలో రెండు ‘యూ’ అక్షరాలు ఉండాలి. ఒకదాని చోట అడ్డగీత ఉంటే ఒక డిస్కు లేదని అర్థం.

2. రెండు డిస్కులలో ఏ ఒక్కటి తీసినా యంత్రం లేస్తుందా? బ్యాకప్ తీసుకున్న తరువాత, తీరిక దినాన, కళ్ళముందే చేయించి చూడండి.

3. డిస్కులపై సీరియల్ నంబరు చీటీలు అంటించి ఉన్నాయా?

4. అద్దం కాక వేరుగా బ్యాకప్ ఉన్నదా? మొత్తం మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాలపై, అందులో ఒకటి వేరొక చోట ఉండాలనేది ఈ వృత్తిలో వాడుకలో ఉన్న సూత్రం. ఆ పదకొండు మంది విషయంలో వేరొక చోట ఉన్న నకలు వారి ఇళ్ళలోని నోటుపుస్తకాలే అయ్యాయి.

బ్యాకప్ ఉన్నదని తెలిస్తే చాలదు, దాని నుండి తిరిగి తీసి చూడాలి. పూర్వం మా విద్యాలయాలలో ఒక గ్రంథానికి నకలు రాసినవారు దానిని అసలుతో పక్కపక్కన చదివి సరిచూసేవారు. దీనిని ముఖాబలా అంటారు. సరిచూడని నకలును పండితులు నమ్మేవారు కారు. బ్యాకప్ విషయంలోనూ అంతే పట్టుదల అవసరం.

ఆ సాయంత్రం మదర్సాకు తిరిగివచ్చి మేము మా కార్యాలయ గుమాస్తాను ఒక ప్రశ్న అడిగాము: విద్యార్థుల హాజరు, విరాళాల రసీదులు ఉన్న కంప్యూటరుకు చివరి బ్యాకప్ ఎప్పుడు తీశారు? ఆయన మా వైపు చూశారు, మేము ఆయన వైపు చూశాము. ఎవరికీ తేదీ గుర్తుకు రాలేదు. ఇప్పుడు ప్రతి గురువారం అసర్ తరువాత ఆ పని జరుగుతోంది. దాని తేదీని గోడపై ఒక కాగితం మీద చేతితో రాస్తున్నాము.